‘కాలేజీలో చూపిస్తనంటివి గద!’

పదేళ్ల పైమాటే. జర్నలిజం డిప్లొమా చేస్తున్న రోజులవి. తలా ఓ పది నిమిషాల డాక్యుమెంటరీ తీసుకురమ్మన్నారు. బీడీ కార్మికుల మీద తీస్తానని నిజామాబాద్ వైపు ఓ ఊరెళ్లాను. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. చేతులు ఆగకుండా చుడుతూనే ఓ అక్క మాట్లాడింది. మాటల్లో మాటగా ఇంటాయన తాగుడు సంగతి, పెద్దబిడ్డ చదువు మాన్పించిన సంగతి చెప్పింది. కళ్లు తుడుచుకుంది. కెమెరా వెనక నేనేమో ‘అబ్బ, ఎంత మంచి షాటో’ అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కాలేజీలో చప్పట్లు కొట్టారు. క్లాస్‌మేట్ ఒకరు యూట్యూబ్‌లో పెడతానంటే సరే అన్నాను. నాలుగు నెలలకు ఆ అక్క ఫోన్. ఊళ్లో కుర్రాళ్లెవరో చూశారట. ఈ సెల్లు నుంచి ఆ సెల్లుకి పాకి, పెద్దబిడ్డను చూసి వెళ్లిన పెళ్లివారి దాకా చేరిందట. వాళ్లు మళ్లీ రాలేదు.

‘‘కాలేజీలో చూపిస్తనంటివి గద బిడ్డా... లోకమంతా చూపిస్తవనుకోలే’’ అంది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

ఆ రాత్రే వీడియో తీయించేశాం. కానీ అప్పటికే ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు?

అప్పుడు నా దగ్గర లేనిది ఒకే ఒక్క కాగితం. సినిమావాళ్లు, టీవీవాళ్లు దాన్ని ‘రిలీజ్ ఫారం’ అంటారు. మనం అనుమతి పత్రం అనుకోవచ్చు. ‘నన్ను వీడియో తీశారు, ఫలానా చోట చూపించడానికి ఒప్పుకుంటున్నాను’ అని ఎదుటి మనిషి రాసిచ్చే మాట. ఇప్పుడు ఇంటికో కెమెరా. అమ్మాయి కాలేజీ ప్రాజెక్టన్నా, అబ్బాయి షార్ట్‌ఫిల్మ్ అన్నా అవతల ఓ మనిషి మొహం ఉంటుంది. అందుకే ఈ కాగితం సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలి.

పెద్ద లాయరేం అక్కర్లేదు. ఒక పేజీ చాలు. అందులో...

• తీసేవారి పేరు, తీయించుకునేవారి పేరు, ఫోన్ నంబర్లు, తేదీ.

• వీడియో దేని గురించి? ఎక్కడ చూపిస్తారు? క్లాసులోనా, పోటీలకా, టీవీలోనా, ఇంటర్నెట్‌లోనా? విడివిడిగా రాయాలి.

• మాటలు కత్తిరించి వాడుకోవచ్చా? డబ్బు ఇస్తున్నారా, లేదా?

• పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే అమ్మానాన్నల సంతకం. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు సంతకం చెల్లదు.

• చదువు రానివారైతే వాళ్ల భాషలో చదివి వినిపించాలి. వేలిముద్ర, పక్కన ఓ సాక్షి సంతకం. చదివి వినిపించడాన్ని కూడా కెమెరాలో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

మరి గణేశ్ నిమజ్జనంలో జనాన్ని తీస్తే అందరి దగ్గరా సంతకాలా? అక్కర్లేదు. గుంపులో కనిపించి పోయే మొహాలకు సాధారణంగా ఎవరూ అడగరు. ఒకరిని పక్కకు పిలిచి మాట్లాడించారా... అడగాల్సిందే. ఇల్లు, కొట్టు, ఆసుపత్రి లాంటి చోట్ల ఆ జాగా వాళ్ల అనుమతి కూడా కావాలి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం సమ్మతి ఎలా ఉండాలో కూడా చెప్పింది. అది ఒత్తిడి లేకుండా, ఫలానా పనికని తెలిసి ఇచ్చిందై ఉండాలట. ఆ అక్క నాకు ఇచ్చిన సమ్మతి కాలేజీ వరకే. గేటు దాటించింది నేను.

అయితే సంతకం ఉంటే సరిపోతుందా? 2006లో ‘బోరట్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. విదేశీయుల గురించి డాక్యుమెంటరీ అని చెప్పి తమతో సంతకాలు పెట్టించుకున్నారనీ, తీరా చూస్తే అది తమను నవ్వులపాలు చేసే సినిమా అనీ కొందరు న్యూయార్క్‌లో కోర్టుకెక్కారు. వాళ్లలో ఓ డ్రైవింగ్ టీచరూ ఉన్నాడు. సంతకాలు పెట్టారు కదా అంటూ 2008లో కోర్టు ఆ కేసులు కొట్టేసింది. కాగితం గెలిచింది. నమ్మకం మాటేమిటి?

అందుకే ఇప్పుడు నా సంచిలో తెలుగులో రాసిన ఫారాలు ఎప్పుడూ ఉంటాయి. కానీ సంతకానికి ముందు ఓ ప్రశ్న అడుగుతాను. ‘‘ఇది మీ ఊరివాళ్లు చూస్తారు, మీ వియ్యంకులు చూస్తారు. ఫర్వాలేదా?’’ కొందరు నవ్వి సంతకం పెడతారు. కొందరు కాసేపు ఆలోచించి, ‘ఆ తాగుడు ముచ్చట తీసెయ్ బిడ్డా’ అంటారు. వాళ్ల ముందే తీసేస్తాను.

ఎంత మంచి షాటైనా సరే!