గ్డాన్‌స్క్‌లో హక్కు, వాషింగ్టన్‌లో నేరమా?

ప్రచ్ఛన్నయుద్ధం ముగిసిన తీరును గురించి అమెరికా, బ్రిటన్ దేశాల మితవాద పక్షాలు గర్వంగా చెప్పుకొనే కథ ఒకటున్నది. పోలండ్ కార్మికుల సంఘ స్వేచ్ఛకు తమ నాయకులు అండగా నిలిచారనీ, ఆ స్వేచ్ఛాబలం ముందు తూర్పు యూరప్ ప్రభుత్వాలు నిలువలేకపోయాయనీ దాని సారాంశం. ఇందులో నిజం లేకపోలేదు. కాని ఆ నాయకులే అదే కాలంలో స్వదేశ కార్మికులతో వ్యవహరించిన తీరును కూడా చూడనిదే ఆ నిజం పూర్తి కాదని మేము భావిస్తున్నాము.

1980 ఆగస్టులో గ్డాన్‌స్క్ నౌకా నిర్మాణ కేంద్రంలో సమ్మె చేసిన కార్మికులు స్వతంత్ర సంఘాన్ని ఏర్పరచుకొనే హక్కు సాధించారు. అట్లు పుట్టినదే సాలిడారిటీ. ఆ సెప్టెంబరు 1న అమెరికా కార్మిక దినోత్సవ సభలో అధ్యక్ష పదవికి అభ్యర్థియైన రోనాల్డ్ రీగన్ వారిని కొనియాడారు. సాలిడారిటీ నాయకుడు లెక్ వాలెసా సవతి తండ్రి కూడా ఆ సభలో ఉన్నారు.

ఏడాది తిరగకముందే, 1981 ఆగస్టు 3న, అమెరికా విమాన రాకపోకల నియంత్రణోద్యోగులు సమ్మెకు దిగారు. వారు ప్రభుత్వోద్యోగులు, ఎన్నికలలో రీగన్‌ను బలపరచిన సంఘం వారిది. ఆయన 48 గంటల గడువిచ్చి, ఆగస్టు 5న 11,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించారు. సంఘం గుర్తింపు రద్దయినది. వారిని తిరిగి ఆ ఉద్యోగాలలోకి తీసుకోరాదన్న నిషేధం 1993 దాకా తొలగలేదు. అదే ఏడు డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక శాసనం అమలులోకి రాగా, ఆ దేశంపై ఆంక్షలు విధించినదీ ఈ ప్రభుత్వమే.

బ్రిటన్ కథ వేరు కాదు. 1984 జనవరిలో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం జీసీహెచ్‌క్యూ అనే నిఘా కేంద్రం ఉద్యోగులకు సంఘ సభ్యత్వాన్నే నిషేధించినది. ఆ మార్చిలో మొదలై ఏడాది సాగిన గని కార్మికుల సమ్మెను ఓడించినది. ఆ ప్రధానియే 1988 నవంబరులో గ్డాన్‌స్క్ వెళ్లి వాలెసాను కలిసి, సాలిడారిటీకి మద్దతు ప్రకటించారు.

అయితే తూర్పు కూటమికీ ఇతరులను వేలెత్తి చూపే అర్హత లేదు. 1982 అక్టోబరులో సాలిడారిటీని చట్టం ద్వారా రద్దు చేసిన పోలండ్ ప్రభుత్వం, బ్రిటిష్ గని కార్మికులు సమ్మెలో ఉండగా బ్రిటన్‌కు బొగ్గు అమ్మినది. కూటములు రెండైనా, సమ్మె చేసే కార్మికుని పట్ల వైఖరి ఒక్కటే. మన ఉద్యమంలోనూ ఒక కూటమి అన్యాయాన్ని ఖండించి, రెండవ దాని విషయంలో మౌనం వహించినవారు ఉన్నారు. ఆ మౌనం మనకు బలం చేకూర్చలేదని ఒప్పుకొనుట ధర్మం.

1989 జూన్ ఎన్నికలలో సాలిడారిటీ గెలిచినది. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకున్నది. 1990 జనవరి 1 నుండి పోలండ్‌లో మార్కెట్ సంస్కరణలు అమలైనవి. 1996లో గ్డాన్‌స్క్ నౌకా నిర్మాణ కేంద్రం దివాలా తీసినది. ఎదుటి కూటమిని దెబ్బతీయుటకు పనికివచ్చిన కార్మికుడు, ఆ కూటమి పోయిన తర్వాత మార్కెట్ దయకు విడువబడినాడు.

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఇది పరాయి కథ కాదు. 1968 సెప్టెంబరు 19 నాటి ఒక్కరోజు సమ్మెలోనూ, 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెలోనూ అరెస్టులు, తొలగింపులు మనం చవిచూచినవే. సంఘ స్వేచ్ఛను గుర్తించే అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒడంబడిక 1948 నాటిది. దానిని అమెరికా ధ్రువీకరించలేదు; మన దేశమూ ధ్రువీకరించలేదు. ప్రభుత్వోద్యోగులపై గల నిబంధనలే అందుకు కారణమని మన ప్రభుత్వాలు చెబుతూ వచ్చినవి. అనగా అడ్డంకిగా చూపబడుతున్నది మన హక్కే.

కనుక పరదేశ కార్మికుల స్వేచ్ఛను గురించి ఏ ప్రభుత్వం పలికినా మనం అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: మీ ఏలుబడిలో రైలు నడిపేవారికి, ఉత్తరం అందించేవారికి ఆ స్వేచ్ఛ ఉన్నదా? 87వ ఒడంబడిక ధ్రువీకరణను ప్రతి శాఖా తన కోర్కెల పత్రంలో మొదటి వరుసన చేర్చవలెనని మేము కోరుచున్నాము.