గాలి తగ్గిస్తే టైరు పేలదా?

కువైట్‌లో ఎండలు ముదిరాయంటే మన డ్రైవర్ సోదరుల మధ్య ఒకటే సలహా తిరుగుతుంటుంది: "టైర్లలో గాలి కాస్త తగ్గించు, లేకపోతే పేలుతుంది". వేడికి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ముందే కొంత తీసేస్తే సరిపోతుందని లెక్క. వినడానికి సబబుగానే ఉన్నా, ప్రాణాల మీదకు తెచ్చే లెక్క ఇది.

బండి బరువును మోసేది టైరు లోపలి గాలి. అది తగ్గితే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి. సైట్లో బైండింగ్ వైరును అటూ ఇటూ పదేపదే వంచి చూడండి, వేడెక్కి తెగుతుంది. టైరుకూ జరిగేది అదే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం మనది. ఆ ఎండకు ఈ లోపలి వేడి తోడైతే టైరు పొరలు విడిపోతాయి.

గల్ఫ్‌కు ఇది కొత్త పాఠం కాదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకున్న ఫైర్‌స్టోన్ టైర్ల పొరలు ఊడిపోతుంటే 1999లోనే సౌదీ తదితర గల్ఫ్ దేశాల్లో వాటిని మార్చారు. 2000 ఆగస్టులో అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో మృతులు 271 మంది. టైర్లలో లోపం ఉందని తేలింది. గాలి 26 పీఎస్‌ఐ చాలని వాహన కంపెనీ, 30 ఉండాలని టైరు కంపెనీ వాదించుకున్నాయి. నాలుగు పాయింట్ల తేడా అంటే అంత చిన్న సంగతేం కాదన్నమాట.

టైరు పక్కన రాసి ఉండే అంకెలు కూడా చదవడం నేర్చుకోవాలి. ఉదాహరణకు 205/55 ఆర్16 91వీ. ఇందులో 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. నాలుగూ కలిపి 2,460 కిలోలు. కారు సొంత బరువు కూడా ఇందులోనే. చివరి అక్షరం వేగానికి గుర్తు: టీ అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ 210, వీ 240. హైవేలో 120కి మించి వెళ్లం కదా, ఏ అక్షరమైతే ఏం అనుకోవద్దు. సరైన గాలి, పరిమితిలో బరువు ఉన్నప్పుడే ఆ వేగం చెల్లుతుంది. పికప్ టైరుపై 106 అని ఉంటే అది 950 కిలోలు మోస్తుంది. సైజు కుదిరింది కదా అని దాని స్థానంలో 91 టైరు బిగిస్తే చక్రానికి 335 కిలోల బలం పోయినట్టే.

ఎంత గాలి పెట్టాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్‌పై ఉంటుంది. టైరు మీద ఉండేది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఉదయం బండి కదలకముందే గాలి చూసుకోవాలి. నడిచాక నాలుగైదు పాయింట్లు పెరగడం సహజం, దాన్ని తీసేయకూడదు. ఇసుకలో నడపడానికి తగ్గించినవాళ్లు రోడ్డెక్కే ముందే మళ్లీ నింపాలి. డ్యాష్‌బోర్డు లైటునే నమ్ముకోవద్దు. చాలా బండ్లలో పావు వంతు గాలి పోయాకే, అంటే 32 ఉండాల్సింది 24కు పడ్డాకే అది వెలుగుతుంది.

ఇదంతా డ్రైవర్ ఒక్కడి పూచీ అంటే న్యాయం కాదు. టైరు కొనేది, లోడు నిర్ణయించేది అతను కాదు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. పదకొండింటికి పని ఆపిన కూలీలను కాంపుకు తీసుకెళ్లే బస్సు మాత్రం సరిగ్గా ఆ మండుటెండలోనే రోడ్డెక్కుతుంది. క్రేన్‌కు, స్కాఫోల్డింగ్‌కు రోజూ చెక్‌లిస్టు రాస్తాం. మనుషుల్ని మోసే బస్సు టైర్లకు అందులో ఒక్క గడి ఎందుకుండదు? గాలి కొలిచే గేజీ పెద్ద ఖర్చేమీ కాదు. రేపటి టూల్‌బాక్స్ మీటింగ్‌లో మన ఫోర్‌మెన్లు, సూపర్‌వైజర్లు ఈ మాట ఎత్తాలి. ఆ గడి పెట్టించాలి.