ఖాళీ భూమి అని ఎవరన్నారు?

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరాన్ని అంతర్జాతీయ పచ్చిక భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. మంగోలియా దేశం ప్రతిపాదించగా 2022లోనే సర్వప్రతినిధి సభ దీనికి ఆమోదం తెలిపింది. ఏడాదికో పేరు పెట్టడం ఆ సంస్థకు అలవాటే. వాటిలో చాలావాటిని మనం గమనించకుండానే దాటిపోతుంటాం. ఈసారిది మాత్రం మన సంఘాల గడప దగ్గరికొచ్చిన విషయం. గొర్రెలు, కాపరులు, పచ్చిక అన్న మాటలు లేకుండా ఏడాదంతా ప్రసంగాలు చెప్పగల సేవకుడు మనలో ఎవరూ లేరు. అసలు పచ్చిక మాత్రం మన జిల్లాల్లో ఎకరం తర్వాత ఎకరం తరిగిపోతోంది. ఆ సంగతి ఏ వేదిక మీదా వినబడదు.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడునే తీసుకుందాం. బట్టమేక పిట్టను కాపాడేందుకు 1988లో ప్రభుత్వం అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేసింది. పేరులో అరణ్యం ఉంది గాని అక్కడున్నది 614 హెక్టార్ల గడ్డినేల, మధ్యమధ్య ముళ్లపొదలు. బట్టమేక పిట్ట దాదాపు మీటరు ఎత్తుంటుంది, మగది 15 కిలోల వరకూ తూగుతుంది. ఎగరగల పక్షుల్లో అంత బరువైనవి లోకంలో కొన్నే ఉన్నాయి. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అదీ గూడు కట్టకుండా నేలమీదే. గడ్డి ఉంటేనే గుడ్డుకు మరుగు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు అక్కడే మకాం వేసి ఈ పక్షి బతుకును పరిశీలించారు. ఇప్పుడు రోళ్లపాడులో అది కనబడటమే గగనమైంది. దేశం మొత్తం మీద 150కి మించి లేవని అంచనా, వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో ఉన్నాయి.

అభయారణ్యం ఉండగా పక్షి ఎందుకు పోయింది? కంచె ఎక్కడుందో పక్షికి తెలియదు. అది కంచె లోపలి గడ్డిలో గుడ్డు పెట్టినా, మేతకు చుట్టుపక్కల జొన్న చేలల్లోకి, కొర్ర చేలల్లోకి, పంట వేయని బీళ్లలోకి వెళ్లేది. మిడతలు, పురుగులు, రాలిన గింజలు అక్కడే దొరికేవి. తర్వాత కాలువ నీళ్లు వచ్చాయి. అలగనూరు జలాశయం కింద కొంత గడ్డినేల పోయింది. వానాధారపు పైర్ల చోట వాణిజ్య పంటలు వచ్చాయి, వాటి వెంట పురుగుమందులు వచ్చాయి. నీళ్లొచ్చినందుకు ఏ రైతునూ తప్పుపట్టలేం. రాయలసీమలో నీటిచుక్క విలువ తెలిసినవారెవరూ ఆ పని చేయరు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. కాపలా వల్ల కృష్ణజింకలు బాగా పెరిగి చేలమీద పడ్డాయి. పక్షి కోసం పెట్టిన కంచె పక్కనున్న రైతుకు రాత్రి కాపలా మిగిల్చింది. లాభం దేశానికి, నష్టం ఊరికి అయినప్పుడు ఊరివాళ్లు ఆ పక్షిని ప్రేమిస్తారని ఆశించడం న్యాయం కాదు.

ఇవన్నీ నిజమే అయినా, అసలు కారణం ఇంకా వెనక ఉంది. అది ఒక మాటలో ఉంది. ఆ మాట బంజరు.

బ్రిటిషు రెవెన్యూ లెక్కల్లో శిస్తు రాని నేల పనికిరాని నేల. దానిమీద గొర్రెలు మేసినా, కుందేళ్లు, గుంటనక్కలు, తోడేళ్లు తిరిగినా, ఊరంతా కప్పుకు గడ్డి కోసుకున్నా, ఖజానాకు పైసా రాలేదు కాబట్టి అది వట్టి భూమే. వాళ్లు వెళ్లిపోయినా ఆ లెక్క పోలేదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన 2019 నాటి బంజరు భూముల పటం, దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతాన్ని బంజరు కింద చూపింది. పొదలున్న నేలలు, క్షీణించిన మేత భూములు అందులోనే ఉన్నాయి. అడవిని నరకాలంటే చట్టం అడ్డుపడుతుంది, అనుమతులు కావాలి. గడ్డినేల చాలాచోట్ల అటవీశాఖది కాదు, రెవెన్యూది. తహసీల్దారు దస్త్రంలో బంజరు అని ఉంటే ఎవరికైనా, దేనికైనా కేటాయించవచ్చు. 2019లో ఢిల్లీ దగ్గర జరిగిన ఎడారీకరణ సదస్సుకు మన ప్రభుత్వమే ఇచ్చిన వివరాల ప్రకారం, 2005 నుంచి 2015 వరకు పదేళ్లలో దేశం సుమారు 56 లక్షల హెక్టార్ల పచ్చిక భూమిని పోగొట్టుకుంది. అంత అడవి పోయి ఉంటే పత్రికలు ఊరుకునేవా?

మన తెలుగు బైబిలు చదువరులకు ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు తిరిగిన చోటును మన అనువాదం అరణ్యము అంటుంది. యోహాను బాప్తిస్మమిచ్చింది అరణ్యములో. లూకా 15లో కాపరి తొంభై తొమ్మిది గొర్రెలను విడిచివెళ్లింది అడవిలో. ఆ మాటలు వినగానే మన పిల్లల మనసులో నల్లమల మెదులుతుంది, దట్టమైన చెట్లు, పులులు. కాని పాత నిబంధనలోని హీబ్రూ మాట మిద్బార్. మందను తోలుకుపోయే చోటు అన్న అర్థం దాని వేరులో ఉందని చాలామంది భాషా పండితుల అభిప్రాయం. అది చెట్ల అడవి కాదు. వానాకాలంలో పచ్చగా, ఎండాకాలంలో గోధుమరంగులో ఉండే మేత నేల. అంటే రోళ్లపాడు లాంటిదే. మోషే మామ మందను మేపింది అలాంటి నేలమీదే, దావీదు గొర్రెలు కాసిందీ అలాంటి నేలమీదే. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు అడిగే ప్రశ్నల్లో ఒకటి మనుషులెవరూ లేని నేలమీద వాన కురిపించి లేతగడ్డి మొలిపించేది ఎవరని. తర్వాతి అధ్యాయంలో అడవి గాడిదకు ఆ బయలునే ఇల్లుగా ఇచ్చానంటాడు. పంట లేని చోటు, శిస్తు రాని చోటు, ఆయన లెక్కలో ఒకరి ఇల్లు.

ఈ సంగతి అమెరికాలోని మన తెలుగు సంఘాలకు మరింత దగ్గరగా కనబడాలి. డల్లాసు శివార్లలోని ప్లేనో, ఫ్రిస్కో పట్టణాలు నిలబడి ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మీద. ప్రెయిరీ అంటే అక్కడి విశాలమైన గడ్డి మైదానం. నేల మన నల్లరేగడికి తోబుట్టువు, ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాళ్లకు పట్టుకుంటుంది. మనిషెత్తు గడ్డి, రెండు మూడు మీటర్ల లోతుకు దిగే వేళ్లు, వాటిమీద మేసే అడవిదున్నల మందలు ఒకప్పుడు ఉండేవి. నాగళ్లు, తర్వాత ఇళ్ల ప్లాట్లు వచ్చాక ఆ గడ్డినేలలో నేడు మిగిలింది ఒక శాతం కూడా లేదు. ఇంకా పడమటి మైదానాల్లో గడ్డిని దున్నేసి గోధుమ వేశాక కరువొచ్చింది. 1930లలో వేళ్లు లేని మట్టి గాలికి లేచి పగలే చీకటి కమ్మింది, లక్షలాది మంది ఊళ్లు విడిచిపోయారు. ఇప్పుడక్కడ మిగిలిన ముక్కలకు కాపలా కాస్తున్నారు, విత్తనాలు ఏరి తిరిగి చల్లుతున్నారు. అంత శ్రమ పడినా పాత గడ్డినేల పూర్తిగా తిరిగి రాదని ఆ పని చేసేవారే ఒప్పుకుంటారు. ఆ గడ్డి వేళ్ల కింద వందల ఏళ్లుగా పేరుకున్న కార్బనం, జీవజాలం పదేళ్లలో తయారయ్యేవి కావు.

మన దేశంలో ఈ పక్షి వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్న విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎం.కె. రంజిత్‌సింహ్ వేసిన వ్యాజ్యం అది. బట్టమేకకు పక్కచూపు బాగుంటుంది, ఎదుటి చూపు తక్కువ. బరువు వల్ల చటుక్కున మళ్లలేదు. సౌర, పవన విద్యుత్తు తీసుకెళ్లే తీగలకు తగిలి చనిపోతోంది. 2021 ఏప్రిల్‌లో కోర్టు తీగలను భూగర్భంలో వేయమంది. అది పెద్ద విస్తీర్ణంలో సాధ్యం కాదని కేంద్రం వాదించగా, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీని వేసింది. 2025 డిసెంబరులో కమిటీ సిఫారసులను ఆమోదిస్తూ రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లను ప్రాధాన్య ప్రాంతాలుగా ఖరారు చేసింది. ఆ పటంలో రోళ్లపాడు లేదు. అక్కడ కాపాడటానికి పక్షి మిగిలితే కదా.

సౌర విద్యుత్తు వద్దని ఈ పత్రిక అనదు. బొగ్గు పొగ తగ్గకపోతే మొదట ఎండకు మాడేది మన కూలీలే. కాని కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు కట్టినప్పుడైనా, ఇంకో చోట కట్టేటప్పుడైనా, ఆ నేల ఖాళీగా ఉందన్న మాటను ఎవరో ఒకరు ప్రశ్నించాలి. ఇంటి కప్పులున్నాయి, గోదాములున్నాయి, కాలువ గట్లున్నాయి. అవి అయ్యాక గడ్డినేల దగ్గరికి రావచ్చు. వస్తే, ఎక్కడ ఏ మంద మేస్తోందో ముందు అడగవచ్చు.

ఇక్కడ మన సంఘాల్లో చాలామందికి ఒక అభ్యంతరం తోచాలి, తోచకపోతేనే ఆశ్చర్యం. మన విశ్వాసుల్లో ఎన్నో కుటుంబాలకు జీవితంలో మొదటి భూమి బంజరు భూమే. డీకేటీ పట్టా మీద వచ్చిన ఎకరమో రెండెకరాలో. తరాల తరబడి ఊరి భూమిలో పాలు లేని దళితుడికి ఆ పట్టా దేవుడిచ్చిన స్వాస్థ్యంలాగే తోచింది. పిట్ట కోసం ఆ నేల వదులుకోమనే హక్కు ఏ పర్యావరణవాదికీ లేదు. 2011 జనవరిలో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించమని రాష్ట్రాలను ఆదేశించిన జగ్‌పాల్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా, భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల విషయంలో మినహాయింపుకు చోటిచ్చింది. పేదవాడి రెండెకరాలకూ, ఒక్క సంతకంతో చేతులు మారే రెండు వేల ఎకరాలకూ ఉన్న తేడా యెషయా ప్రవక్తకు తెలుసు. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయి చివరికి తామొక్కరే మిగిలేవారిమీద ఆయన శ్రమ ప్రకటించాడు. ఆ మాట పట్టాదారు మీద చెప్పింది కాదు.

గొల్ల కురుమల సంగతి కూడా దీనిలోనే ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. గొర్రెలిచ్చిన ప్రభుత్వం గడ్డి ఎక్కడుందో చూపలేదు. ఊరి బీళ్లు ప్లాట్లయ్యాయి, గుట్టలు క్వారీలయ్యాయి. పంట కోశాక చేలో మంద పెట్టించుకుని ఎరువుకు బదులు గింజలిచ్చే పాత ఏర్పాటు కూడా చాలా ఊళ్లలో తగ్గిపోయింది. కాపరి ఇప్పుడు రోడ్డు పక్కన మేపుతూ లారీలకు భయపడుతున్నాడు. గడ్డినేలకు కావలి ఎవరని అడిగితే మొదట చెప్పవలసిన పేరు ఇతనిదే. మంద మితంగా మేసిన చోట గడ్డి చావదు, తిరిగి చిగురిస్తుంది. గడ్డిని చంపేది సర్కారు తుమ్మ. 1870లలో కడప ప్రాంతంలో తెప్పించి నాటించిన విదేశీ చెట్టు అది. సర్కారు నాటింది కాబట్టే ఆ పేరు వచ్చింది, కరువులో వంటచెరకుగా ఆదుకుంది కూడా. కాని ఒకసారి పాకిందంటే దాని కింద గడ్డి మొలవదు.

చెట్టు నాటడం పుణ్యమని, గడ్డి పెరగనివ్వడం సోమరితనమని మనకు ఎవరు నేర్పారో గాని, ఆ పాఠం బాగా ఒంటబట్టింది. 2023లో వచ్చిన గ్రీన్ క్రెడిట్ నిబంధనల్లో కూడా పొదలున్న నేలలను, బంజర్లను చెట్లు నాటేందుకు గుర్తించే ఏర్పాటు ఉంది. అడవి నరికినవారు బదులుగా చెట్లు నాటేది చాలాసార్లు గడ్డినేల మీదే. మన సంఘాలదీ అదే ధోరణి. జూన్‌లో పర్యావరణ ఆదివారం రాగానే మొక్కలు తెప్పిస్తాం, ఫొటోలు తీసుకుంటాం, చర్చి వెనక గుట్టమీద గుంతలు తవ్వుతాం. ఊళ్లో నీడ కావాలి, బడి చుట్టూ చెట్లు కావాలి, చెరువు గట్టున వేప, కానుగ కావాలి. ఎవరూ కాదనరు. కాని గడ్డి ఉన్న గుట్టమీద వరుసగా నీలగిరి మొక్కలు పెట్టడం వల్ల మేలు జరుగుతుందనుకోవడం పొరపాటు.

కాబట్టి ఈ జూన్‌కు ముందు పెద్దల కమిటీలు ఒక పని చేయవచ్చు. మొక్కలు తేకముందే ఆ స్థలం చూసి రండి, వానలు పడ్డాక ఒకసారి, వీలైతే చలికాలంలో ఇంకోసారి. అక్కడ ఏ మంద మేస్తుందో ఊరి కాపరిని అడగండి, గడ్డి పేర్లు అతనికి తెలుసు. సర్వే నంబరు తీసుకుని తహసీల్దారు కార్యాలయంలో అది మేత పోరంబోకుగా ఉందో, బంజరుగా రాశారో చూడండి. మేత భూమిని బంజరుగా రాసి ఉంటే, గ్రామసభలో అభ్యంతరం చెప్పడానికి కాపరితోబాటు సంఘ పెద్ద ఒకరు లేచి నిలబడితే చాలు. పాత మిషన్ కాంపౌండ్లలో, సమాధుల తోటల్లో గడ్డి మిగిలి ఉంటే, గింజ రాలేదాకా కోయకుండా ఉంచండి. రోళ్లపాడు గడ్డిలో ప్రతి చలికాలమూ మధ్య ఆసియా నుంచి వచ్చిన గద్దజాతి పక్షులు రాత్రికి దిగి, పగలంతా మిడతలు తిని రైతుకు మందుల ఖర్చు తగ్గించిపోతాయి. బట్టమేక వెళ్లిపోయినా అవి ఇంకా వస్తున్నాయి.