ఇల్లు కన్న ముందు సంస్థ

హైదరాబాదులో అద్దె ఇల్లు వెదకే విద్యార్థి గోడల సున్నం చూస్తాడు, కుళాయి తిప్పి చూస్తాడు. యజమాని విదేశంలో ఉన్నచో వ్యవహారమంతా నిర్వహణ సంస్థదే. కావున ముందు పరీక్షింపవలసినది ఆ సంస్థనే. అద్దె వసూలుకు, ఒప్పందంపై సంతకానికి యజమాని వ్రాసి ఇచ్చిన అధికారపత్రం ఉన్నదా? అడిగితే నొచ్చుకొనే సంస్థకు నమస్కరించి రావడమే మేలు. అడ్వాన్సు అనేది తండ్రి అప్పు చేసి పంపిన సొమ్ము. దానికి రశీదు ఎవరి పేర ఇస్తారు, ఖాళీ చేసిన ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు, రంగుల ఖర్చంటూ ఎంత కోస్తారు అన్నవి కాగితంపై ఉండాలి. నివాసగృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం చెప్పినది. అయితే రాష్ట్రం స్వీకరిస్తేనే దానికి బలం. ఇక గుమాస్తా తియ్యని మాటలు విన్న తరువాత, మెట్లెక్కి పై అంతస్తులోని పాత అద్దెదారును ఒక్కమాట అడగండి: నీళ్ల మోటారు చెడినప్పుడు ఎన్నాళ్లకు బాగు చేయించారని.