సర్వర్ లేచాక మన లెక్క ఏమైంది?

ఈ-పంట నమోదుకు గడువు దగ్గరపడ్డప్పుడు, సాక్షులను వెంటబెట్టుకుని రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు, బ్యాంకువాళ్లు 1-బి తెమ్మన్నప్పుడు మనకు వినబడే మాట ఒకటే: ‘సర్వర్ డౌన్’. చోడవరంలోనైనా మాడుగులలోనైనా నర్సీపట్నంలోనైనా అదే మాట. తిట్టుకుని ఇంటికి రావడం అలవాటైపోయింది. సర్వర్ ఒక పూట ఆగితే మనకు పోయేది ఆ పూట కూలీ, ఆటో చార్జీ. అదే సర్వర్ పాత లెక్కతో లేస్తే మాత్రం పోయేది పంట పరిహారం కావచ్చు, పొలం మీద పేరే కావచ్చు. మన గొడవంతా మొదటిదాని చుట్టూనే తిరుగుతోంది. రెండోదాని గురించి అడిగేవాళ్లు లేరు.

కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో అనకాపల్లి బెల్లం మార్కెట్ లెక్కలు తెలిసినవాళ్లకు చెప్పడం తేలిక. తూకం కాగానే గుమస్తా ముందు చిట్టా రాస్తాడు. ఏ రైతు, ఎన్ని దిమ్మలు, ఏ ధర అన్నది వరసగా అందులో పడుతుంది. తీరిక చూసుకుని ఆవర్జాలో ఆ రైతు పేజీకి ఎక్కిస్తాడు. ఎక్కడిదాకా ఎక్కించాడో చిట్టాలో ఒక గుర్తు పెట్టుకుంటాడు. మధ్యలో కరెంటు పోయి ఆవర్జా సగంలో ఆగినా అతను కంగారు పడడు. చివరి గుర్తు దగ్గర్నుంచి చిట్టా చూసుకుంటూ మళ్లీ ఎక్కిస్తాడు. తేలకుండా ఆగిపోయిన బేరం ఉంటే దాన్ని కొట్టేస్తాడు.

డేటాబేస్ కూడా అచ్చం ఇలాగే పనిచేస్తుంది. మార్పు ఏదైనా ముందు చిట్టాలో పడాలి, తర్వాతే అసలు పట్టికలోకి వెళ్లాలి. సర్వర్ కూలి మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టాను తనంతట తానే చదువుకుని లెక్క సరిచేసుకుంటుంది. ఈ పద్ధతిని పకడ్బందీగా రూపొందించి 1992లో ప్రచురించిన ఐబీఎం బృందంలో ముఖ్యుడు సి. మోహన్, మద్రాసు ఐఐటీలో చదువుకున్నవాడు. అంటే ఇది కొత్త విద్యా కాదు, మనకు అందని విద్యా కాదు. సర్వర్ కూలడం నేరమేమీ కాదని కూడా మనం ఒప్పుకోవాలి. డిస్కు నిండుతుంది, మెమరీ చాలదు, కరెంటు పోతుంది, డిస్కు పాడవుతుంది. చిట్టా చెక్కుచెదరకుండా ఉంటే చాలావరకు నిమిషాల్లో లేస్తుంది, ఖరారైన లెక్క ఒక్కటీ పోదు.

చిట్టా చెడినప్పుడే ప్రమాదం. చాలాసార్లు దాన్ని చెడగొట్టేది మనిషి చెయ్యే. డిస్కు నిండి సర్వర్ ఆగుతుంది. పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. కంగారులో ఎవరో ఖాళీ చేద్దామని ‘లాగ్’ అని పేరున్న ఫైళ్లను పనికిరానివనుకుని చెరిపేస్తారు. అవే చిట్టాలు! పోస్ట్‌గ్రెస్ అనే పేరున్న డేటాబేస్‌లో ఈ పొరపాటు ఎన్నిసార్లు జరిగిందంటే, 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో దాని తయారీదారులు ఆ ఫోల్డర్ పేరులోంచి ‘లాగ్’ అన్న మాటనే తీసేశారు. మరికొందరు సర్వర్ ఎలాగోలా లేస్తే చాలని చిట్టాను పక్కకు తోసేసి బలవంతంగా లేపుతారు. అది లేస్తుంది, తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. లోపల ఎవరి సర్వే నంబరు ఎవరి ఖాతాలో పడిందో చెప్పలేం. అందుకే ఈ పని తెలిసినవాళ్లు కూలిన సర్వర్‌ను ముట్టుకునే ముందు ఉన్నది ఉన్నట్టు మొత్తం నకలు తీస్తారు, ఎందుకు కూలిందో లాగ్ చదువుతారు, ఆ తర్వాతే చెయ్యి పెడతారు. గంటలో లేపాలన్న ఒత్తిడి ఉన్నచోట ఈ వరస తప్పుతుంది.

ఇక బ్యాకప్ సంగతి. ‘మా దగ్గర బ్యాకప్ ఉంది’ అన్నది అధికారుల మామూలు జవాబు. గిట్‌ల్యాబ్ అనే విదేశీ కంపెనీ దగ్గరా ఉంది, ఒకటి కాదు, ఐదు రకాలు. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. వెతికితే ఆ ఐదింటిలో ఏదీ సరిగా పనికిరాలేదు. రోజూ తీస్తున్నామనుకున్న నకలు వెర్షన్ తేడా వల్ల అసలు తయారవడమే లేదు. తయారవడం లేదని హెచ్చరించే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికోసం తీసిన నకలు అదృష్టవశాత్తూ దొరికింది గానీ, ఆ ఆరు గంటల పని పోయింది. ఆ కంపెనీ చేసిన మంచి పని ఒకటుంది. జరిగిందంతా, తమ తప్పులతో సహా, రాసి జనం ముందు పెట్టింది.

కొరియాలో ఇంతకన్నా ఘోరం. 2025 సెప్టెంబరు 26న దెజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలకు నిప్పంటుకుని 709 ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ఉమ్మడి నిల్వ కాలిపోయింది. సైజు చాలా పెద్దదని దానికి బయట నకలే పెట్టలేదట. అంత సాంకేతికత ఉన్న దేశంలోనే ఇలా జరిగితే, మన దగ్గర అడగకుండా ఊరుకోవడం ఏమంత తెలివైన పని?

అలాగని మళ్లీ కాగితాలకు వెళదామని మేం అనడం లేదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి అందరికీ తెలుసు. కాగితానికి చెద, నిప్పు, లంచం మూడూ శత్రువులే. తుపానులు మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా చేసింది. అందుకే రెండో నకలు ఎక్కడ ఉంది, ఈ తీరానికి ఎంత దూరంలో ఉంది అని అడిగే హక్కు మిగతావాళ్లకన్నా మనకే ఎక్కువ.

పక్క రాష్ట్రం అనుభవం కూడా చూడాలి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో భూమి లావాదేవీలన్నీ ఒకే పోర్టల్ మీద ఆధారపడ్డాయి. 2024 డిసెంబరులో డేటాబేస్ వెర్షన్ మార్చడానికి దాన్ని కొన్ని రోజులు ఆపారు. ముందే తేదీలు చెప్పి ఆపారు కాబట్టి అది మెచ్చుకోదగ్గదే. చెప్పకుండా ఆగేదాన్ని గురించే మన బాధ. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారినా, చట్టం మారినా, కింద డేటాబేస్ ఉంటుంది, అది ఎప్పుడో ఒకప్పుడు కూలుతుంది.

మనకు అసలు చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. రిజిస్ట్రేషన్ ఒక చోట, వెబ్‌ల్యాండ్ ఇంకొక చోట, పంట నమోదు మరొక చోట ఉంటాయి. వీటిలో ఒకటి కూలి, చిట్టా పనికిరాక, నిన్న రాత్రి నకలుతో లేపారనుకుందాం. మిగతావి ఈరోజు లెక్కలో ఉంటాయి, ఇది నిన్నటి లెక్కలో ఉంటుంది. దస్తావేజు మీ చేతిలో ఉంటుంది, అడంగల్‌లో పాత యజమాని పేరే ఉంటుంది. పంట నమోదైందని మీరనుకుంటారు, వరి అమ్మే రోజునో పరిహారం జాబితా వచ్చిన రోజునో గానీ పేరు లేదని తెలియదు. కౌలు రైతుకైతే మరీ కష్టం. అతనికి పొలం మీద చూపించుకోవడానికి ఆ నమోదు తప్ప వేరే ఏముంది? అప్పుడు వెళ్లి అడిగితే ‘మీరు చేయించుకోలేదు’ అంటారు. తప్పు యంత్రానిది, రుజువు చేసుకునే భారం రైతుది.

సచివాలయంలో కూర్చున్న కుర్రాణ్నో అమ్మాయినో దీనికోసం తిట్టి లాభం లేదు. వాళ్లకు కనిపించేదీ మనకు కనిపించే తెరే.

అడగాల్సింది పైవాళ్లను. భూమి, పంట, రిజిస్ట్రేషన్ సర్వర్లు ఆగిన ప్రతిసారీ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఏ సమయం నాటి లెక్కతో లేపారు, మధ్యలో నమోదులు ఏమైనా పోయాయా అన్నది తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి తహసీల్దారు కార్యాలయం బోర్డు మీద అంటించాలి. నమోదులు పోతే ఆ రైతులకు ఫోన్‌కు సందేశం పంపాలి. ఆగినన్ని రోజులు గడువు దానంతటదే పెరగాలి, దానికోసం మనం ధర్నా చేయాల్సిన పని ఉండకూడదు. బ్యాకప్ తీయడం చాలదు, మూడు నెలలకోసారి దాన్ని వేరే సర్వర్‌లో ఎక్కించి లేస్తుందో లేదో చూసి ఫలితం ప్రకటించాలి. విత్తనం మొలక శాతం చూడకుండా మడిలో చల్లం కదా. రసీదు చేతిలో ఉన్న రైతుకు తెర మీద పేరు లేకపోతే రసీదునే నమ్మాలి, కాదనాలంటే రుజువు శాఖే చూపాలి.

భద్రతా కారణాల వల్ల ఇవన్నీ చెప్పలేమని కొందరు అనవచ్చు. మనం పాస్‌వర్డులు అడగడం లేదు, తేదీలు, కారణాలు అడుగుతున్నాం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు కూడా తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి. కాబట్టి ‘వివరాలు లేవు’ అన్న జవాబు ఆరు నెలల లోపు చెల్లదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆలస్యం చేయకుండా పెట్టడం మన పని.

సభ్యులకు మా విన్నపం ఒకటుంది. పంట నమోదు కాగానే రసీదు నంబరు, తేదీ, సమయం పాసు పుస్తకం వెనక రాసుకోండి, తెర ఫొటో తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు 1-బి, అడంగల్ నకలు తేదీతో సహా తీసి ఇంట్లో పెట్టుకోండి. సర్వర్ ఆగి లేచిందని తెలిసిన వారంలోపు మీ నమోదు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే రసీదు జిరాక్సు, ఏ రోజు ఏ కార్యాలయంలో ‘సర్వర్ డౌన్’ అన్నారో రాసిన చీటీ మండల కమిటీకి అందజేయండి. సమాచార హక్కు దరఖాస్తులు ఆ తేదీల ఆధారంగానే పెడతాం.