ఆలస్యమైతే మార్కెట్ ఆగదు!

ఏఎస్ రావు నగర్‌లో రెజ్యుమె ప్రింటు తీయించుకోవడానికి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్తుంటారు కదా? ఆ బుల్లి వస్తువు వెనక పెద్ద పోటీయే నడిచింది.

1.44 ఎంబీ ఫ్లాపీలు చాలని రోజులవి. 1995లో అయోమెగా 100 ఎంబీ జిప్ డ్రైవ్‌ను అమ్మకానికి తెచ్చింది. సోనీ 1997లో 200 ఎంబీ హైఎఫ్‌డీని ప్రకటించింది. సామర్థ్యం రెట్టింపు, పైగా పాత ఫ్లాపీలనూ చదువుతుంది. కానీ షాపులకు వచ్చేసరికి 1998 చివరైంది. మరుసటి ఏడాదే లోపాలు బయటపడి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సరిచేసి మళ్లీ తెచ్చేలోగా సీడీ రైటర్లు చౌకయ్యాయి, 2000లో పెన్‌డ్రైవ్‌లు దిగాయి. చివరికి జిప్ కూడా మిగల్లేదు.

ఇప్పుడు పోటీ ఏఐ డేటా సెంటర్ల కోసం. అందుకే మైక్రాన్ 2025 డిసెంబరులో, మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. షాపులో బ్రాండ్ పోయినంత మాత్రాన ఆ రంగంలో పని పోయినట్టు కాదు. ఇదే సంస్థకు హైదరాబాద్‌లో 2019 నుంచి డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది.

మరి మీరేం చేయాలి? లోపాన్ని కస్టమర్ కంటే ముందే పట్టుకునే పనిని వ్యాలిడేషన్ అంటారు. ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు సీ, పైథాన్, లినక్స్ నేర్చుకోండి. ఖాళీ పెన్‌డ్రైవ్‌ను డేటాతో నింపి, తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని సరిచూసే చిన్న ప్రోగ్రాం రాయండి. రెజ్యుమెలో ఆ ఒక్క ప్రాజెక్టు ఉన్నా ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర సరుకు ఉన్నట్టే!