టైటానియం సైకిల్‌ని కార్ట్‌లో పెట్టి ఎందుకు తీసేశాను?

టైటానియం అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఐఫోన్ 15 ప్రో. 2023 సెప్టెంబర్‌లో యాపిల్ ఆ ఒక్క మాట మీదే ఫోన్ అమ్మింది. 2024 జనవరిలో శాంసంగ్ కూడా గెలాక్సీ ఎస్24 అల్ట్రాతో అదే దారి పట్టింది. తీరా 2025లో ఐఫోన్ 17 ప్రో వచ్చేసరికి యాపిల్ మళ్ళీ అల్యూమినియంకే వచ్చేసింది. ఎందుకంటే అల్యూమినియం వేడిని చకచకా బయటికి పంపేస్తుంది, టైటానియంకి ఆ గుణం చాలా తక్కువ. అంటే మెటీరియల్ ఎంత గొప్పదైనా, అది మన పనికి సరిపోతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు ఫోన్ దగ్గర కాదు, సైకిల్ దగ్గర ఎదురైంది. దాదాపు ఏడాదిగా ఒక మౌంటెన్ బైక్ కోసం డబ్బులు దాస్తున్నా. టైటానియం ఫ్రేమ్, 29 ఇంచుల చక్రాలు, ఒకే ఒక్క గేర్. ఫ్రేమ్ ఒక్కదానికే కస్టమ్స్‌తో కలిపి లక్షన్నర దాటుతోంది. ఆ అంకె మా ఇంట్లో అందరికీ బాగా గుర్తే, ఎందుకంటే పోయినేడు మా చేలో వేయించిన బోరుకి కూడా అంతే అయింది. బోరులో నీళ్ళు పడలేదు. కాబట్టి లక్షన్నర పెట్టే ముందు ఈసారి లెక్క సరిగ్గా చూసుకోవాలనుకున్నా.

ముందు మా నేల గురించి

నాది ధర్మవరం దగ్గర పల్లె. బెంగళూరులో ఉద్యోగం, నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది, అది కూడా పడితే. నేలంతా ఎర్ర గరుసు. దారిలో వంకలు అడ్డొస్తాయి, ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిలో నీళ్ళకి బదులు ఇసుకే ఉంటుంది. పొలం గట్ల మీద పల్లేరు కాయలు, రోడ్డు పక్కన సీమ జాలి ముళ్ళు. రామగిరి వైపు వెళ్తే కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. అక్కడ వాటిని ఊరికే పెట్టలేదు, జూన్ నుంచి ఆగస్టు దాకా ఎదురుగాలి సైకిల్‌ని నిలబెట్టేస్తుంది.

బెంగళూరులో మా ఆఫీస్ కొలీగ్ దగ్గర సరిగ్గా నాకు కావాల్సిన బైకే ఉంది. బతిమాలి రెండు వారాలకి ఊరికి తెచ్చుకున్నా. నా పాత 26 ఇంచుల, 21 గేర్ల అల్యూమినియం ఎమ్‌టీబీతో మార్చి మార్చి అవే దారుల్లో తొక్కాను. స్పెక్ షీట్‌లో ఉన్న మూడు పెద్ద మాటల్ని విడివిడిగా చూద్దాం.

29 ఇంచుల చక్రం: కళ్ళు మూసుకుని తీసుకోండి

26 ఇంచుల చక్రంలో టైర్ కూర్చునే రిమ్ వ్యాసం 559 మిల్లీమీటర్లు. 29లో అది 622. చక్రం పెద్దదయ్యేకొద్దీ రాయి అంచుని తక్కువ కోణంలో తాకుతుంది, గుంతలోకి తక్కువ దిగుతుంది. ఈ మాట చదివినప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఎండిన వంకలో ఇసుక దాటేటప్పుడు తెలిసింది. పాత బైక్ ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి దిగి తోసే చోట, 2.3 ఇంచుల టైర్‌తో 29 నింపాదిగా దాటేసింది.

ఇదేదో ఫ్యాషన్ అనుకునేవాళ్ళకి ఒక విషయం. 2012 లండన్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ రేసులో చెక్ రైడర్ యారోస్లావ్ కుల్హావీ 29 ఇంచుల చక్రాల మీద బంగారం గెలిచాడు. వెండి పతకం వచ్చిన నీనో షూర్టర్ 27.5 మీద ఉన్నాడు. 2016లో రియోకి వచ్చేసరికి షూర్టర్ కూడా 29కి మారాడు, బంగారం కొట్టాడు.

ఇక ముళ్ళ సంగతి. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ట్యూబ్ ఉన్న టైర్‌తో మా పొలాల్లోకి వెళ్తే ఒక్క రైడ్‌కి రెండు పంక్చర్లు మామూలే. ట్యూబ్‌లెస్ చేసి, లోపల సీలెంట్ పోస్తే ముల్లు గుచ్చుకున్న చోట అదే గడ్డకట్టి మూసేస్తుంది. కాకపోతే మా ఎండకి సీలెంట్ తొందరగా ఎండిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి చూసి పోసుకోవాలి. ఒక ట్యూబ్ బ్యాగ్‌లో ఎలాగూ ఉండాలి. హైబ్రిడ్ సైకిళ్ళ 700సీ రిమ్ కూడా 622నే కాబట్టి, టౌన్‌లో 29 ట్యూబ్ దొరక్కపోతే ఆ ట్యూబ్‌తో ఇల్లు చేరొచ్చు.

ఒకే గేర్: ఇది పిచ్చి కాదు

ఈ రోజుల్లో ఒకే గేరా అని ఫ్రెండ్స్ అందరూ నవ్వారు. వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. పోయిన వేసవిలో నా 21 గేర్ల సైకిల్ డీరైలర్‌లో జాలి కొమ్మ ఇరుక్కుని, హ్యాంగర్ వంగి, డీరైలర్ స్పోక్స్‌లోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడి నుంచి ఇంటికి 9 కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను. బాటిల్‌లో నీళ్ళు నాలుగో కిలోమీటర్‌కే అయిపోయాయి. హ్యాంగర్ అంటే చిన్న అల్యూమినియం ముక్క, కానీ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో ఆకారం. మా దగ్గర ఏ షాపులోనూ దొరకలేదు. ఆన్‌లైన్‌లో వచ్చేసరికి మూడు వారాలు.

సింగిల్ స్పీడ్‌లో డీరైలర్ ఉండదు, హ్యాంగర్ ఉండదు, షిఫ్టర్ ఉండదు, కేబుల్ ఉండదు. దుమ్ము పట్టి చెడిపోయే వస్తువులే తక్కువ. చైన్ తెగితే? పల్లెటూరి సైకిల్ షాపులో అమ్మే మామూలు వెడల్పు చైన్ చాలా సింగిల్ స్పీడ్ పళ్ళ మీద కూర్చుంటుంది.

అయితే దీనికి కట్టాల్సిన మూల్యం ఉంది. ముందు 32 పళ్ళు, వెనక 20 పెడితే ఒక్క పెడల్ తిప్పుకి దాదాపు 3.7 మీటర్లు ముందుకు వెళ్తారు. నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకి 18 కిలోమీటర్ల స్పీడ్. అంతకంటే కావాలంటే కాళ్ళు మిక్సీలా తిరగాలి. హైవే మీద రోజూ ఆఫీస్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది శిక్ష. ఎదురుగాలిలో, నిట్టనిలువు ఎక్కుడులో లేచి నిలబడి తొక్కాల్సిందే. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకండి.

టైటానియం: ఇక్కడే నా లెక్క తప్పింది

ముందు మంచి మాట చెప్తా. బైక్ చాలా బాగుంది. పెయింట్ లేని ఆ బూడిద రంగు మీద గీత పడినా కనపడదు. సైకిల్ ఫ్రేముల్లో ఎక్కువగా వాడేది 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనేడియం కలిపిన గ్రేడ్ 9 టైటానియం. సాంద్రత స్టీల్‌లో సగానికి కాస్త ఎక్కువ, తుప్పు పట్టదు, స్టీల్ కంటే మెత్తగా వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. రాకెట్లకీ విమానాలకీ కావాల్సిన టైటానియం మిశ్రమాలు మన హైదరాబాద్‌లోని మిధానిలోనే తయారవుతాయి. గొప్ప లోహం, అందులో డౌట్ లేదు.

కానీ దాన్ని అమ్మేటప్పుడు చెప్పే లాభాల్ని మా ఊరి దుమ్ములో పెట్టి చూడండి.

ఒకటి, తుప్పు పట్టదు. సముద్రం పక్కన విశాఖలో ఉండేవాళ్ళకి, వాన బురదలో తొక్కే కేరళ వాళ్ళకి ఇది నిజంగా డబ్బుకి తగ్గ లాభం. మాకు వానే పడదు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకదానిలో కూర్చుని తుప్పు పట్టని సైకిల్‌కి లక్షన్నర పెట్టడం అంటే, ఎడారిలో వాటర్‌ప్రూఫ్ ఫోన్ కొన్నట్టే.

రెండు, బరువు తక్కువ. ఒక మంచి టైటానియం హార్డ్‌టెయిల్ ఫ్రేమ్‌కీ, మంచి క్రోమోలీ స్టీల్ ఫ్రేమ్‌కీ తేడా సుమారు 700, 800 గ్రాములు. మార్చి దాటాక నేను ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మూడు లీటర్ల నీళ్ళు మోస్తాను. అంటే మూడు కిలోలు. లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి తగ్గించుకున్న బరువు, నా వీపు మీద ఉన్న నీళ్ళలో ఒక్క లీటర్ కూడా కాదు.

మూడు, మెత్తటి రైడ్. ఇది ఉంది, కాదనను. కానీ అదే బైక్‌లో టైర్ గాలి 30 పీఎస్‌ఐ నుంచి 21కి తగ్గించినప్పుడు వచ్చిన మెత్తదనం ముందు ఫ్రేమ్ మెత్తదనం నాకు ఆనలేదు. పెద్ద టైర్ చేసే పనికి ఫ్రేమ్‌కి క్రెడిట్ ఇస్తున్నామని నా అనుమానం.

మిగిలింది నాలుగోది, మన్నిక. దీన్ని మాత్రం కొట్టేయలేకపోయాను. సరిగ్గా వెల్డ్ చేసిన టైటానియం ఫ్రేమ్ దశాబ్దాలు వస్తుంది. చిన్న చిన్న ఒత్తిళ్ళు లక్షల సార్లు పడ్డా అల్యూమినియంలా త్వరగా అలసిపోదు.

మా నాయన అడిగిన రెండు ప్రశ్నలు

కొలీగ్ బైక్ వరండాలో ఆనించి ఉంటే మా నాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. చేత్తో ఎత్తి చూశాడు. గేర్లు లేవని గమనించి నవ్వాడు. "ఇంత డబ్బు పెట్టి మళ్ళా నా సైకిలే కొంటాండవా?" అన్నాడు.

ఆలోచిస్తే నిజమే. ఆయన పాత నల్ల సైకిల్ ఇంకా కొట్టంలో ఉంది, నాకంటే పెద్దది. ఒకే గేర్, స్టీల్ ఫ్రేమ్, 28 ఇంచుల చక్రాలు. రిమ్ కొలిచాను, 635 మిల్లీమీటర్లు. అంటే 29 అని గొప్పగా చెప్పుకునే నా రిమ్ కంటే ఆయనదే 13 మిల్లీమీటర్లు పెద్దది! పళ్ళు లెక్కపెడితే ముందు 44, వెనక 18. ఆ రేషియోతో వెనక వేరుశనగ మూట కట్టుకుని మార్కెట్‌కి తొక్కేవాడు. నేను 32, 20 కష్టమని రివ్యూ రాస్తున్నా.

తర్వాత ఆయన అడిగినవి రెండే. "ఎన్నేండ్లు వస్తాది?" అన్నాడు. ఇరవై, ముప్పై ఏళ్ళు వస్తుంది నాయనా అన్నాను. "సరే, ఈడ విరిగితే ఎవురు అతికిస్తారు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. టైటానియం బాగా వేడెక్కినప్పుడు గాలి తగిలితే ఆక్సిజన్ పీల్చుకుని పెళుసుగా మారిపోతుంది. అందుకే ట్యూబ్ లోపలా బయటా ఆర్గాన్ గ్యాస్ నింపి వెల్డ్ చేయాలి. ధర్మవరంలో కాదు కదా, అలా సైకిల్ ఫ్రేమ్ చేసిచ్చేవాళ్ళు నాకు బెంగళూరులో కూడా దొరకలేదు. స్టీల్ అయితే? పల్చటి క్రోమోలీ ట్యూబ్‌ని గేట్లు చేసే వెల్డింగ్ రాడ్‌తో అతికిస్తే కాలి బొక్క పడొచ్చు, నిజమే. కానీ ఇత్తడితో గ్యాస్ అతుకు వేసే ముసలి మేస్త్రీ ఒకాయన మా పక్క ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాడు. మా నాయన సైకిల్ ఫోర్క్ మీద ఆయన వేసిన అతుకు ఇంకా ఊడలేదు.

మన్నిక అంటే విరగకపోవడం ఒక్కటే అనుకున్నా ఇన్నాళ్ళూ. విరిగితే మన దగ్గరే బాగయ్యేది కూడా మన్నికేనని ఆ రోజు అర్థమైంది. గేర్లు వద్దనుకున్నది ఎందుకు? హ్యాంగర్ ఊళ్ళో దొరకదని. మరి అదే రూల్ ఫ్రేమ్‌కి ఎందుకు పెట్టలేదు? ఎందుకంటే టైటానియం అనే మాట నాకు నచ్చింది, అంతే.

మరి ఎవరు కొనాలి?

సముద్ర తీరంలో ఉండి, ఒకసారి కొన్నది ఇరవై ఏళ్ళు మార్చను అనేవాళ్ళకి టైటానియం సరైనదే. కొనేటట్టయితే మూడు చూసుకోండి. చైన్ టెన్షన్ సరిచేయడానికి వెనక జరిగే డ్రాపౌట్లు ఉండాలి. బాటమ్ బ్రాకెట్ మరలు ఉన్న రకమై ఉండాలి, ప్రెస్ ఫిట్ వద్దు. అల్యూమినియం సీట్‌పోస్ట్ పెట్టే ముందు యాంటీ సీజ్ పేస్ట్ పూయాలి, లేకపోతే రెండు లోహాలూ పట్టేసుకుని ఊడి రావు. రెండేళ్ళకోసారి ఫోన్ మార్చినట్టు సైకిల్ మార్చేవాళ్ళకి మాత్రం టైటానియం దండగ.

మా సీమలో, మాలాంటి నేల ఉన్న చోట తొక్కేవాళ్ళకి నా మాట: డబ్బు ముందు చక్రాల మీద, టైర్ల మీద పెట్టండి. తర్వాత మంచి హైడ్రాలిక్ బ్రేకులు. గేర్ ఒక్కటి చాలు. ఫ్రేమ్ మెటీరియల్ చివర.

నేను కార్ట్‌లోంచి టైటానియం తీసేసి క్రోమోలీ స్టీల్ ఫ్రేమ్ పెట్టాను. చక్రాలు, టైర్లు ముందు అనుకున్నవే, ఒక్క రూపాయి తగ్గించలేదు. వెనక మాత్రం 20కి బదులు 18 పళ్ళది ఆర్డర్ చేశా. మా నాయన వెనక పళ్ళు అవే కదా, ముందు అక్కడి నుంచి మొదలుపెడదామని.